వసారా ఒకటే, చూపులు నాలుగు

"ఇంట్లో అందరం ఉంటాం. కానీ ఎవరి లోకం వాళ్లది." ఈ మాట నరసరావుపేట బస్టాండులో వినిపిస్తుంది, మాచర్ల టీ కొట్టు దగ్గర వినిపిస్తుంది, గురజాలలో పెళ్లి పందిట్లోనూ వినిపిస్తుంది. అనేవాళ్లు ఎక్కువగా యాభై దాటినవాళ్లు. ఆ నింద చివరికి ఫోను మీదకో, కోడలి మీదకో, ఇంటర్ చదివే మనవడి మీదకో పోతుంది. కుటుంబంతో గడిపే సమయాన్ని ఫోన్లు తినేశాయని అందరం ఒప్పేసుకున్నాం. అయితే సమయాన్ని కొలవొచ్చు. కొలిచి చూసినవాళ్లకు మాత్రం వేరే సంగతి బయటపడింది.

బ్రిటన్‌లో 2000లో ఒకసారి, 2015లో మరోసారి వేలాది కుటుంబాల చేత దినచర్య రాయించారు. రోజును పది నిమిషాల ముక్కలుగా విడగొట్టి ఏం చేస్తున్నారు, ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు అన్నది నింపాలి. ఎనిమిది నుంచి పదహారేళ్ల లోపు పిల్లల దినచర్యలను కిలియన్ ముల్లన్, స్టెల్లా చాట్జితియోకారి అనే సామాజిక శాస్త్రవేత్తలు పక్కపక్కన పెట్టి చూసి, ఫలితాలను 2019లో ప్రచురించారు. అమ్మానాన్నలతో పాటు ఇంట్లో ఉన్న సమయం పిల్లలకు 2000లో రోజుకు 347 నిమిషాలు. స్మార్ట్‌ఫోన్లు వచ్చి స్థిరపడ్డాక, 2015లో, 379 నిమిషాలు. తగ్గలేదు, అరగంట పెరిగింది!

పెరిగినది ఏ రకం సమయమో చూస్తేనే అసలు విషయం తెలుస్తుంది. పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే ఇంట్లో ఉన్నారు, కానీ "పక్కన ఎవరున్నారు" అనే గడిలో పిల్లవాడు ఎవరి పేరూ రాయలేదు. అంటే ఇంట్లో ఉన్నా, అమ్మతోనో నాన్నతోనో ఉన్నట్టు వాడికి అనిపించలేదు. ఇలాంటి సమయం 95 నిమిషాల నుంచి 136 నిమిషాలకు పెరిగింది. పెరుగుదల అంతా ఇందులోనే ఉంది.

మన దేశంలో జాతీయ గణాంక కార్యాలయం ఇలాంటి సమయ వినియోగ సర్వేలు 2019లో, 2024లో చేసింది. ఆరేళ్లు దాటినవాళ్ల రోజులో వినోదానికీ, మీడియాకూ, ఆటలకూ పోయే వాటా ఈ ఐదేళ్లలో 9.9 శాతం నుంచి 11 శాతానికి పెరిగిందని తేలింది. ఆ పెరిగిన సమయంలో ఎంత భాగం నలుగురూ కలిసి గడిపినదో, ఎంత భాగం ఒంటరిగా గడిపినదో ఆ అంకె చెప్పదు. చెప్పాల్సింది అదే. నా నమ్మకం ఏమిటంటే, ఫోను మన ఇళ్లలో నిమిషాలను పెద్దగా ముట్టుకోలేదు. నిమిషాల లోపల ఉండే ఉమ్మడి ధ్యాసను ముట్టుకుంది. నలుగురి చూపూ ఒకే వస్తువు మీద నిలవడం, అలా నిలిచిందని నలుగురికీ తెలియడం: దాన్నే ఉమ్మడి ధ్యాస అంటున్నాను. శిశు మనస్తత్వ శాస్త్రంలో అర్ధ శతాబ్దంగా దీని మీద పని జరుగుతోంది.

తొమ్మిది నెలల లోపు బిడ్డకు లోకం రెండు ముక్కలు. ఆడుకుంటే బొమ్మతో ఆడుకుంటుంది, లేకపోతే అమ్మ మొహం చూస్తుంది. తొమ్మిదో నెలకూ పన్నెండో నెలకూ మధ్య ఒక మలుపు వస్తుంది. పెరటి గోడ మీద కాకి వాలితే అమ్మ అటు చూస్తుంది. బిడ్డ అమ్మ చూపు వెంట వెళ్లి కాకిని చూస్తుంది, మళ్లీ వెనక్కి తిరిగి అమ్మ మొహం చూస్తుంది. ఇద్దరం ఒకదాన్నే చూస్తున్నామని ఖాయం చేసుకుంటుంది. కొన్నాళ్లకు తనే వేలు చూపించి అమ్మను చూడమంటుంది. మైకేల్ టొమసెల్లో వంటి పరిశోధకులు భాషకూ, ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవడానికీ పునాది ఇక్కడే పడుతుందని దశాబ్దాలుగా వాదిస్తున్నారు. మాట నేర్పాలంటే ముందు ఇద్దరూ ఒకే వస్తువును చూడాలి. చంకనేసుకున్న బిడ్డకు కాకినీ కుక్కనీ చూపిస్తూ ముద్ద పెట్టే ప్రతి అమ్మమ్మా చేస్తున్నది ఇదే.

ఈ చూపు మధ్యలో తెగితే ఏమవుతుంది? 2017లో అమెరికాలో జెస్సా రీడ్, కాథీ హిర్ష్-పాసెక్, రాబర్టా గోలింకాఫ్ ఒక ప్రయోగం ప్రచురించారు. 38 మంది తల్లులు తమ రెండేళ్ల పిల్లలకు రెండు కొత్త మాటలు నేర్పాలి. ఒక మాట నేర్పేటప్పుడు ఏ అడ్డూ లేదు. రెండో మాట నేర్పుతుండగా తల్లికి ఫోను మోగుతుంది, ఆమె కాసేపు మాట్లాడి మళ్లీ వచ్చి మిగతాది చెబుతుంది. రెండు మాటలకూ ఇచ్చిన సమయం ఒకటే. బిడ్డ చెవిన ఆ మాట పడిన సార్లు కూడా సమానమే. అడ్డులేని మాట పిల్లలకు వచ్చింది, ఫోను మోగిన మాట రాలేదు. కుటుంబ సమయాన్ని గంటల్లో లెక్కపెట్టేవాళ్లు ఈ ఒక్క ప్రయోగాన్ని గుర్తుంచుకుంటే చాలు. గంటలు అంతే ఉన్నాయి, చూపు తెగింది, అంతే.

ఇంతకన్నా పాత ప్రయోగం ఎడ్వర్డ్ ట్రానిక్‌ది, 1970లలో జరిగింది. తల్లి బిడ్డతో హాయిగా ఆడుతూ ఉన్నట్టుండి మొహంలో ఏ భావమూ లేకుండా కదలక కూర్చుంటుంది. బిడ్డ నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, కేక పెడుతుంది, ఏదీ పనిచేయకపోతే మొహం తిప్పుకుని ఏడుస్తుంది. ఇదంతా రెండు మూడు నిమిషాల వ్యవహారం. ఫోను చూస్తున్న మనిషి మొహాన్ని ఒకసారి పక్క నుంచి చూడండి. కోపం ఉండదు, ప్రేమ ఉండదు, ఎదుటివాళ్లకు అందే సంకేతం ఒక్కటీ ఉండదు. తల్లి చేతిలో ఫోను పెట్టి ఇదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు కూడా పసిపిల్లల్లో కలత కనపడింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఫోను చూసినంత మాత్రాన బిడ్డకు చెరగని గాయం అవుతుందని ఈ ప్రయోగాలు చెప్పలేదు. తల్లి తిరిగి నవ్వగానే చాలామంది పిల్లలు తేరుకుంటారు. ఆ చూపు రోజూ ఎన్నిసార్లు తెగుతోంది, తెగినది మళ్లీ అతుక్కుంటోందా అన్నదే లెక్క.

మాటల విషయంలో ఇంకో అడుగు ముందుకు వేసింది రేచెల్ రోమియో బృందం. 2018లో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 36 మందిని తీసుకుని, ఇంట్లో వాళ్ల సంభాషణను రికార్డు చేశారు, కథ వింటున్నప్పుడు వాళ్ల మెదడును స్కాన్ చేశారు. పెద్దవాళ్లు ఎన్ని మాటలు కురిపించారన్నది అంత ముఖ్యం కాలేదు. నువ్వొకటి, నేనొకటి అన్నట్టు మాట ఎన్నిసార్లు చేతులు మారిందన్నది ముఖ్యమైంది. ఆ మార్పిడి ఎక్కువ జరిగిన పిల్లల్లో భాషకు సంబంధించిన మెదడు భాగం ఎక్కువ చురుగ్గా పనిచేసింది. తల్లిదండ్రుల సంపాదన, చదువు లెక్కలోంచి తీసేసినా ఈ తేడా నిలిచింది. మన నాయనమ్మలు కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే కథ ఆగుతుంది. ఆ ఊఁ కూడా ఒక వంతు మాటే. కూలికి పోయి వచ్చిన తల్లి, ఇంట్లో ఒక్క పుస్తకం లేకపోయినా, బిడ్డకు ఇవ్వగలిగినది ఇది. అందుకే దీన్ని పోగొట్టుకోవడం నాకు బాధ.

మాచర్ల నుంచి దుర్గి వైపు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్తే దారి పొడుగునా ఎర్రటి కల్లాలు. కోసిన మిరపకాయల్ని పరదాల మీద ఆరబోసి, ఆడవాళ్లు గుంపుగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. ఘాటుకు ముక్కుకు అడ్డంగా కొంగు కట్టుకుని ఉంటారు. చేతులు వాటంతట అవి కదులుతుంటాయి, చూపులు కాయల మీదే ఉంటాయి, నోళ్లు మాత్రం ఖాళీ. ఊరి సంగతులన్నీ అక్కడే తేలతాయి. అలాంటి ఒక కల్లంలో కాయల మధ్య ఖాళీ డబ్బాకు ఆనించిన ఫోను చూశాను. స్పీకరు పూర్తిగా పెంచి హాస్య సన్నివేశాలు పెట్టారు. ఎవరూ తల తిప్పి తదేకంగా చూడడం లేదు, అందరూ వింటున్నారు. ఒకామె మాట అందిస్తుంది, ఇంకొకామె నవ్వు పట్టలేక ముసుగు సర్దుకుంటుంది. "ఏందే, ఆ ముక్క మళ్లీ పెట్టు" అని పెద్దామె ఒక పిల్లను పురమాయించింది. ఆ పిల్ల ఎడమ చేత్తో తెర మీద వెనక్కి తోసి, కుడి చేత్తో ఏరుడు ఆపలేదు. అదే కల్లం అంచున వేపచెట్టు కింద ఒక కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అదే రకం బొమ్మలు చూస్తున్నాడు. వాణ్ని రెండుసార్లు పిలిస్తే పలకలేదు. ఆ రెండు ఫోన్లలో పెద్ద తేడా ఏమీ లేదు. ఒకటి అందరి మధ్యా ఉంది, ఇంకోటి ఒక్కడి చెవుల్లో ఉంది.

యంత్రాలు ఇంటిని చెడగొడుతున్నాయన్న భయం కొత్తది కాదు. టీవీ వచ్చినప్పుడూ ఇదే అన్నారు. కానీ మన దేశంలో పల్లెకు టీవీ వచ్చిందే ఉమ్మడి వస్తువుగా. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు జరిగిన సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా కార్యక్రమాలు అందాయి. ఊరికొక సెట్టు పెట్టి జనమంతా దాని ముందు కూర్చున్నారు. 1987, 88లలో ఆదివారం పొద్దున రామాయణం సీరియల్‌కు టీవీ ఉన్న ఇంటి వరండా నిండిపోయేది. టీవీని నెత్తిన పెట్టుకోవాలని నేను అనడం లేదు. వెనకాల ఊరికే మోగుతూ ఉండే టీవీ కూడా తల్లీబిడ్డల మాటలను తగ్గిస్తుందని పరిశోధనలు ఉన్నాయి. కానీ టీవీ ముందు కూర్చున్న మనిషి ఏం చూస్తున్నాడో పక్కవాడికి తెలుసు. తిట్టుకోవచ్చు, పొగడొచ్చు, చానెల్ మార్చమని దెబ్బలాడొచ్చు. ఆ దెబ్బలాట కూడా ఉమ్మడి ధ్యాసే.

ఫోను తెర మొహానికి జానెడు, జానెడున్నర దూరంలో ఉంటుంది. ఒక్క జత కళ్లకు సరిపడే కొలత అది. పక్కనున్నవాళ్లకు కనపడేది ఫోను వెనకవైపు. ఆ లోపల మనిషి కరెంటు బిల్లు కడుతున్నాడా, మిర్చి ధర చూస్తున్నాడా, పేకాట ఆడుతున్నాడా, చావు కబురు చదువుతున్నాడా, ఏమీ తెలియదు. తెలియనప్పుడు పలకరించడానికి సందు దొరకదు. తాతగారు వార్తాపత్రిక అడ్డం పెట్టుకున్నా మనిషి కనపడేవాడు కాదు నిజమే. కానీ పేపర్ రెండో వైపు మనకు కనపడేది, పైగా పన్నెండు పేజీల తర్వాత అది అయిపోయేది. పేపర్ మడిచిన ఆ క్షణంలో ఇంట్లో మాట మొదలయ్యేది.

ఫోన్లో చూసేది అయిపోకపోవడం అన్నది ఊరికే జరిగింది కాదు. కిందికి తోసేకొద్దీ పేజీ పెరుగుతూ పోయే ఏర్పాటును 2006లో ఏజా రాస్కిన్ అనే ఇంజనీరు తయారుచేశాడు. తర్వాతి కాలంలో అతనే దానికి బహిరంగంగా విచారం వెలిబుచ్చాడు. దానికింద పనిచేసే సూత్రం ఇంకా పాతది. బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పావురాల మీద చేసిన ప్రయోగాలను 1957లో పుస్తకంగా వేశారు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం కడుపు నిండాక ఊరుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా అప్పుడొకటి ఇప్పుడొకటి పడితే మాత్రం ఆగకుండా నొక్కుతూనే ఉంటుంది. రీల్స్‌లో పది చప్పగా ఉండి పదకొండోది కడుపుబ్బ నవ్విస్తుంది. ఆ పదకొండోది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టే వేలు ఆగదు. కాబట్టి ఇంట్లో కుర్రవాణ్ని "నీకు బుద్ధి లేదా" అని తిట్టేముందు ఒకటి ఆలోచించాలి. వాడి ఎదురుగా ఉన్నది వస్తువు ఒక్కటే కాదు. వాణ్ని ఇంకో నిమిషం ఆపడమే పనిగా జీతాలు తీసుకునే నిపుణులు దాని వెనక ఉన్నారు.

ఇది పెద్దవాళ్లనూ వదలదు. సాయంత్రం వసారాలో జరిగే మాటల వరస ఎలా ఉంటుందో మనకు తెలుసు.

"నాన్నా, రేపు పరీక్ష ఫీజు కట్టాలంట."

"ఊఁ."

"రేపే ఆఖరంట."

"ఆఁ... ఏందీ?"

ఆ తండ్రికి చెవుడు లేదు, కొడుకంటే లెక్కలేకపోవడమూ కాదు. ఒక పని మీంచి ఇంకో పనికి మారినప్పుడు మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. చదువుతున్నది గ్రూపులో వచ్చిన సగం వార్త అయితే ఆ మిగిలిపోయే భాగం ఇంకా ఎక్కువ. పిల్లవాడికి మాత్రం ఆ "ఏందీ" లెక్కలోకి రాదు. మొదటి ఊఁ అబద్ధమని అర్థమవుతుంది. కొన్నాళ్లకు చెప్పడం మానేస్తాడు.

ఈ తెరలు మన ఇళ్లలోకి ఎంత వేగంగా వచ్చాయో గుర్తు చేసుకోవాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయాక పదేళ్లలోపే ఇదంతా జరిగింది. 2025 మొదటి మూడు నెలల్లో జరిగిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం దేశంలో 85.5 శాతం ఇళ్లలో కనీసం ఒక స్మార్ట్‌ఫోను ఉంది. 2020 వేసవిలో కరోనా కేసులతో నరసరావుపేట రోజుల తరబడి కట్టుదిట్టంగా మూసుకుపోయింది. తర్వాత ఆన్‌లైన్ క్లాసులు వచ్చాయి, బడి ఫోన్లోకి మారింది. అన్నదమ్ములకు ఒకే ఫోను ఉన్న ఇళ్లలో అది వంతులవారీ ఉమ్మడి ఆస్తి అయింది. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు పాఠాలతో ట్యాబ్‌లు పంచింది. చదువుకు ఫోను కావాలనే మాట ఇంటింటికీ చేరింది. అదే ఫోను చదువుకు ఎంత ఉపయోగపడుతోందో గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024లో చెప్పింది. ఫోను వాడడం తెలిసిన 14–16 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో అంతకుముందు వారంలో చదువుకు సంబంధించి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం.

ఇంట్లో ఫోను గురించి మాట్లాడేటప్పుడు నన్ను బాగా ఇబ్బందిపెట్టే విషయం ఒకటుంది. నేను చెప్పిన ప్రయోగాల్లో కూర్చున్నది ఎక్కువగా తల్లులు. వాటిని చదివి మన ఊళ్లో "ఆడవాళ్లు ఫోను పట్టుకుంటే పిల్లలు పాడవుతారు" అని తీర్పు చెప్పేవాళ్లు తయారవుతారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్న ఆడవాళ్లు 48.9 శాతమే. ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడినవాళ్లు ఆడవాళ్లలో 21 శాతం, మగవాళ్లలో 48.8 శాతం. 2024 సమయ వినియోగ సర్వేలో దేశం మొత్తం మీద ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. పొద్దున ఐదుకు లేచి, వంట చేసి, కూలికి పోయి, వచ్చి మళ్లీ పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి రాత్రి తొమ్మిదిన్నరకు దొరికే అరగంట మీద మాత్రం అందరి కళ్లూ పడతాయి. అప్పుడు ఆమె ఫోన్లో ముగ్గుల వీడియో చూస్తే తప్పు, తండ్రి సాయంత్రమంతా అరుగు మీద ఫోను చూస్తే విశ్రాంతి! పిల్లవాడి చూపును అందుకోవాల్సిన వంతు ఇద్దరిదీ. ఇంటిపనిలో ఆ 289, 88ల దూరం కొంత తగ్గితే అమ్మ దగ్గర బిడ్డకు దొరికే ధ్యాస దానంతట అదే పెరుగుతుంది. ఫోను దాచిపెట్టడం కన్నా ఇది ముందు చేయాల్సిన పని.

ఫోను తెచ్చిన మేలు చెప్పకపోతే అన్యాయం చేసినవాణ్నవుతాను. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లు అందని వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్ట ప్రాంతాల్లో సేద్యమంతా బోర్ల మీదే. వ్యవసాయానికి కరెంటు వంతులవారీగా రాత్రిపూట వచ్చిన రోజుల్లో, అది ఎప్పుడొస్తే అప్పుడు రైతు టార్చిలైటు పట్టుకుని చేలోకి నడవాలి. పాము కాటుకు, షాకుకు ప్రాణాలు పోయిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో తండ్రి రాత్రి భోజనానికి ఉండేవాడు కాదు. ఉన్నా చెవి కరెంటు మీదే ఉండేది. సిమ్ కార్డు వేసిన మోటారు స్టార్టర్ వచ్చాక మంచం మీంచే ఫోను చేసి మోటారు వేస్తున్నాడు, ఆపుతున్నాడు. కుటుంబ సమయాన్ని పరికరం ఏం చేసింది అని ఆ ఇంట్లో అడిగితే, ఒక మనిషిని ఇంటికి తెచ్చింది అంటారు. గుంటూరు మిర్చి యార్డులో ధర ఎలా ఉందో తెలియక మిర్చి టిక్కీలు ఎత్తుకుపోయి రెండు రోజులు పడిగాపులు పడే అవసరం కూడా తగ్గింది.

కాబట్టి ఫోను మీద యుద్ధం ప్రకటించేవాళ్లతో నేను కలవలేను. ఏమీ లేదని చేతులు దులుపుకునేవాళ్లతోనూ కలవలేను. అమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 2019లో మూడున్నర లక్షలకు పైగా కౌమార వయసు పిల్లల సమాచారం పరిశీలించారు. పిల్లల మానసిక క్షేమంలో కనపడే తేడాల్లో డిజిటల్ వాడకం వివరించగలిగేది గరిష్ఠంగా 0.4 శాతమేనని తేల్చారు. ఎన్ని గంటలు వాడారన్న లెక్క ఒక్కటీ పెద్దగా ఏమీ చెప్పదన్నమాట. ఇక్కడ నాకు వైరుధ్యం కనపడదు. గంటల లెక్క ఏమీ చెప్పకపోవడం సహజమే, ఎందుకంటే కల్లంలో మధ్యన పెట్టిన ఫోనుదీ, వేపచెట్టు కింద ఫోనుదీ గంట ఒకటే.

అయితే కొన్ని వేళలకు మిగతావాటికన్నా విలువ ఎక్కువ. భోజనం వాటిలో మొదటిది. అమెరికాలో జెన్నీ రాడెస్కీ బృందం 2014లో బోస్టన్ ప్రాంతపు హోటళ్లలో చిన్నపిల్లలతో తింటున్న 55 మంది పెద్దవాళ్లను గమనించింది. 40 మంది భోజనం మధ్యలో ఫోను వాడారు. ఫోన్లో బాగా మునిగినవాళ్ల పిల్లలు అల్లరి పెంచడం, పెద్దవాళ్లు కసురుకోవడం అక్కడ కనపడ్డాయి. 2018లో కెనడాలో రయాన్ ద్వైర్, కోస్తాదిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ మూడు వందల మందికి పైగా జనాన్ని స్నేహితులతోనో ఇంటివాళ్లతోనో కలిసి తినమన్నారు. కొందరి ఫోన్లు బల్ల మీద, కొందరివి కనపడకుండా లోపల. బల్ల మీద ఉన్నవాళ్లకు ధ్యాస చెదిరింది, ఆ పూట ఆనందం కొంచెం తగ్గింది. "కొంచెం" అన్నది ముఖ్యం, తేడా చిన్నదే. కానీ భోజనం రోజూ వస్తుంది.

కలిసి తినడానికి ఉన్న శక్తిని పల్నాడు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడును కారెంపూడిలో ఇప్పటికీ ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాల్లో మందపోరు అనే రోజున జరుపుకుంటారు. ఒకే వరసలో, ఒకే పదార్థం, అందరికీ కనపడేటట్టు తినడం ఆ రోజుల్లో మనుషుల్ని కలిపే పెద్ద సాహసం. ఇంట్లో నలుగురు కూర్చుని తినే పదిహేను నిమిషాల పాటు ఫోన్లు టీవీ అల్మారాలో పెట్టడానికి అంత సాహసం అవసరం లేదు. షరతు ఒక్కటే, పెద్దవాళ్ల ఫోన్లు ముందు పోవాలి. బిడ్డ ముందు పెట్టే తెరకూ ఖరీదు ఉంది. ఆస్ట్రేలియాలో 220 కుటుంబాల పసిపిల్లల్ని మూడేళ్లు వచ్చేదాకా గమనించిన మేరీ బ్రష్ బృందం 2024లో చెప్పింది ఇది: మూడేళ్ల వయసులో తెర ముందు గడిపే ప్రతి అదనపు నిమిషానికీ బిడ్డ చెవిన పడే పెద్దల మాటలు సుమారు ఏడు తగ్గుతున్నాయి, మాట చేతులు మారడం ఒకసారి తగ్గుతోంది. అన్నం తినిపించడానికి ఫోను చేతికిస్తే ముద్దలు లోపలికి పోతాయి. ఆ పావుగంటలో పడాల్సిన వంద మాటలు పడవు.

చివరిగా దూరాన ఉన్నవాళ్ల సంగతి. పిడుగురాళ్లలో, సత్తెనపల్లిలో చాలా ఇళ్లకు కొడుకో కూతురో హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటున్నారు. ఆ ఇళ్లలో వీడియో కాల్ లేకపోతే మనవడు లేడు. రెండేళ్లలోపు పిల్లలకు ఏ తెరా వద్దంటున్న భారతీయ శిశువైద్యుల సంఘం 2021 మార్గదర్శకాలు కూడా బంధువులతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్‌ను మినహాయించాయి. దానికి ఆధారం ఉంది. 2017లో లారెన్ మైయర్స్ బృందం ఏడాది నుంచి రెండేళ్ల మధ్య వయసున్న 60 మంది పిల్లల్ని రెండుగా విడగొట్టింది. సగం మందితో ఒక మనిషి వారం పాటు వీడియోలో నేరుగా మాట్లాడింది, మిగతా సగం మంది అదే మనిషి రికార్డు చేసిన వీడియో చూశారు. వారం తర్వాత ఆమె ఎదురుగా వస్తే గుర్తుపట్టి దగ్గరకు పోయింది నేరుగా మాట్లాడిన పిల్లలే. తెర ఒకటే, తేడా అంతా బదులు రావడంలో ఉంది.

కాబట్టి కాల్‌లో "తాతకు హాయ్ చెప్పు" అని పిల్లవాడి మొహాన్ని ఫోను ముందుకు తోసి వదిలేస్తే రెండు నిమిషాల్లో వాడు పారిపోతాడు. చూడడానికి ఉమ్మడిగా ఏదీ లేదు మరి. అటువైపు అమ్మ పక్కన కూర్చుని "చూడు, తాతయ్య ఏం పట్టుకున్నాడో" అనాలి. ఇటువైపు తాత దగ్గర చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి, పెరట్లో కాసిన సొరకాయో, కొత్తగా ఈనిన గేదె దూడో. మనవడు తన బొమ్మ తెస్తాడు, తాత దాని పేరు అడగాలి, వాడు చెప్పేదాకా ఆగాలి. ఇంకా తేలికైనది కలిసి తినడం. ఇక్కడ రాత్రి ఏడున్నర అంటే న్యూజెర్సీలో వేసవిలో ఉదయం పది, చలికాలంలో తొమ్మిది. ఆదివారం ఆ వేళకు ఇక్కడ భోజనం, అక్కడ టిఫిను. ఫోనును చెంబుకు ఆనించి పళ్లెం కనపడేటట్టు పెడితే చాలు, మనవడికి గోంగూర పచ్చడి పేరు చెప్పడానికి అమ్మమ్మకు అవకాశం దొరుకుతుంది.